లాగితే వేడి, వదిలితే చలి

ఏసీ సరిగా చల్లబరచడం లేదని మెకానిక్‌ను పిలిస్తే ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయిందండీ, పట్టించాలి." నిజానికి ఏసీలో గ్యాస్ అయిపోవడమంటూ ఉండదు. అది మండదు, అరగదు, ఖర్చు కాదు. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడి గాల్లో కలిసిందనే అర్థం. మన చేతికి వచ్చే బిల్లు మళ్లీ నింపినందుకు. గాల్లోకి పోయినదానికి బిల్లు వేరే ఉంది, అది వాతావరణం పేరు మీద పడుతుంది.

ఆ బిల్లు చిన్నదేమీ కాదు. ఆర్-410ఏ అనే గ్యాసు ఒక కిలో బయటికి పోతే, వందేళ్ల లెక్కన, దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎంత వేడిని పట్టి ఉంచుతుందో అంత వేడిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 కొంత నయం, దాని లెక్క 675. ఇంట్లో వాడే ఏసీలో ఇలాంటి గ్యాసు కిలో అటూ ఇటుగా ఉంటుంది.

చల్లబరిచే గ్యాసుల చరిత్ర అంతా ఒక తప్పు దిద్దుకోబోయి మరో తప్పు చేయడమే. తొలినాటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వాడారు. అవి లీకయితే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి వచ్చేది. 1930 ప్రాంతంలో విషం లేని, మంట అంటుకోని క్లోరోఫ్లోరోకార్బన్లు వచ్చాయి. అవి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందం వాటికి కళ్లెం వేసింది. వాటి చోట్లోకి వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోన్ జోలికి పోవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ దేశాలు మళ్లీ కూర్చుని, వీటినీ తగ్గించుకోవాలని తీర్మానించాయి. 2021లో ఆ సవరణను ఆమోదించిన భారతదేశం 2032 నుంచి మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. ప్రొపేన్ లాంటి గ్యాసులతో వాతావరణానికి హాని చాలా తక్కువ, కానీ వాటికి నిప్పంటుకుంటుంది. అందువల్ల ఇంట్లో ఎంత నింపవచ్చన్నదానికి హద్దులున్నాయి.

గ్యాసు పోయి గ్యాసు వచ్చే ఈ వరస ఎప్పటికీ తెగదా? అసలు గ్యాసే లేకుండా, ఒక ఘనపదార్థంతో గదిని చల్లబరచలేమా? ఇనుపముక్క లీక్ కాదు కదా. ఈ ప్రశ్నకు జవాబుగా ముప్పై ఏళ్లుగా ప్రయోగశాలల్లో పెరుగుతున్నవే కెలోరిక్ పదార్థాలు.

రబ్బరు బ్యాండు చెప్పే సంగతి

కాస్త వెడల్పుగా ఉన్న రబ్బరు బ్యాండు తీసుకుని, ఒక్కసారిగా బాగా లాగి, వెంటనే పై పెదవికి ఆనించి చూడండి. వెచ్చగా తగులుతుంది. లాగినదాన్ని అలాగే కొంతసేపు పట్టుకుని, ఆ వెచ్చదనం పోయాక ఒక్కసారిగా వదులు చేసి మళ్లీ పెదవికి ఆనించండి. ఈసారి చల్లగా ఉంటుంది. ఇంగ్లండులో కెండల్ అనే ఊరి జాన్ గఫ్ దీన్ని 1805లోనే గమనించి రాశాడు. ఆయనకు కళ్లు కనిపించవు. తరవాత 1859లో జౌల్ ఈ వేడిని కొలిచి చూపించాడు.

ఎందుకిలా జరుగుతుంది? ఏ పదార్థంలోనైనా గందరగోళం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి అమరికలో. రబ్బరులో పొడవాటి అణువుల గొలుసులు ఎలా పడితే అలా చిక్కుపడి ఉంటాయి. రెండోది కంపనంలో. పరమాణువులు ఉన్నచోటే ఊగుతూ ఉంటాయి, ఆ ఊగడమే మనకు వేడిగా తెలుస్తుంది. ఈ మొత్తం గందరగోళానికి భౌతికశాస్త్రం పెట్టుకున్న కొలత ఎంట్రోపీ. బయటి వేడి లోపలికి రావడానికి గానీ, లోపలిది బయటికి పోవడానికి గానీ వ్యవధి ఇవ్వకుండా, మధ్యలో వృథా లేకుండా మార్పు జరిగితే మొత్తం ఎంట్రోపీ మారదు. రబ్బరును లాగినప్పుడు గొలుసులు వరసకు వస్తాయి, అమరికలోని గందరగోళం తగ్గుతుంది. తగ్గినంతా కంపనంలో పెరగాలి, కాబట్టి రబ్బరు వేడెక్కుతుంది. వదిలితే గొలుసులు మళ్లీ చిక్కుపడతాయి. అందుకు కావలసినదాన్ని కంపనం నుంచే తీసుకుంటాయి, కాబట్టి చల్లబడుతుంది.

ఇదే ఒక యంత్రానికి సరిపడా సూత్రం. పదార్థాన్ని లాగాలి, అది వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటి బయటికి వదలనివ్వాలి. తరవాత వదులు చేయాలి, అది గాలికన్నా చల్లబడుతుంది. ఆ స్థితిలో గదిలోని వేడిని పీల్చుకోనివ్వాలి. మళ్లీ లాగాలి. ఏసీలో కంప్రెసర్ చేసేదీ దాదాపు ఇదే. గ్యాసును నొక్కి ద్రవంగా మారనిచ్చి వేడిని బయట పారేస్తుంది, ద్రవాన్ని వదులు చేసి ఆవిరి కానిచ్చి లోపలి వేడిని లాగుతుంది. కెలోరిక్ యంత్రంలో నొక్కేదీ వదిలేదీ ఘనపదార్థాన్ని, అంతే తేడా.

లాగడం ఒక్కటే మార్గం కాదు. అయస్కాంతంతో చేయవచ్చు, విద్యుత్ క్షేత్రంతో చేయవచ్చు, నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి పెట్టి చేయవచ్చు. పదార్థం లోపలి అమరికను బయటి నుంచి సరిచేయగలిగే పట్టు ఏదైనా పనికొస్తుంది.

అయస్కాంతంతో మొదలు

వీటిలో ఎక్కువ చరిత్ర ఉన్నది అయస్కాంత మార్గానిదే. 1917లో వైస్, పికార్డ్ అనే ఇద్దరు నికెల్ లోహాన్ని అయస్కాంత క్షేత్రంలోకి తెస్తే 0.7 డిగ్రీలు వేడెక్కడం చూశారు. లోహంలోని పరమాణువులు చిన్న చిన్న అయస్కాంతాలు. అవి బయటి క్షేత్రానికి తలవంచి ఒకే దిక్కు తిరిగితే వాటి గందరగోళం తగ్గుతుంది, లోహం వేడెక్కుతుంది. క్షేత్రం తీసేస్తే చల్లబడుతుంది. ఈ పద్ధతితో అతిశీతల ఉష్ణోగ్రతలు సాధించవచ్చని 1920లలో డెబై, జియాక్ విడివిడిగా సూచించారు. 1933లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జియాక్, మెక్‌డూగల్ గడోలినియం లవణాన్ని వాడి పరమశూన్యానికి పావు డిగ్రీ పైదాకా వెళ్లారు. 1949 రసాయనశాస్త్ర నోబెల్ జియాక్‌దే. ఆ పద్ధతి నేటికీ పనిచేస్తోంది. 2023లో జపాన్ ప్రయోగించిన ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు ఎక్స్‌రిజమ్‌లో ఒక పరికరాన్ని పరమశూన్యానికి డిగ్రీలో ఇరవయ్యో వంతు పైదాకా చల్లబరిచేది ఇలాంటి అయస్కాంత శీతలయంత్రమే.

ఈ పద్ధతిని గది ఉష్ణోగ్రతకు తెచ్చినవాడు జి.వి. బ్రౌన్. అమెరికాలో నాసా లూయిస్ పరిశోధన కేంద్రంలో 1976లో ఆయన గడోలినియం లోహంతో ఒక యంత్రం నడిపి, ఈ కొసకూ ఆ కొసకూ 47 డిగ్రీల తేడా రాబట్టాడు. గడోలినియం అరుదైన మృత్తికా లోహాల్లో ఒకటి. దాని అయస్కాంత గుణం దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెగిపోతుంది, ఆ సరిహద్దులోనే అది అన్నిటికన్నా ఎక్కువగా వేడెక్కి చల్లబడుతుంది. మన ఇళ్లకు కావలసిన ఉష్ణోగ్రతా అదే. కానీ బ్రౌన్ వాడిన క్షేత్రం 7 టెస్లాలు. ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండే ఎంఆర్‌ఐ యంత్రాలవి 1.5 లేదా 3 టెస్లాలే. శాశ్వత అయస్కాంతాలతో ఇంటి యంత్రంలో అందేది సుమారు ఒక టెస్లా. దానితో గడోలినియం వేడెక్కేది మూడు డిగ్రీలు మాత్రమే.

1997లో అయోవాలోని ఏమ్స్ ప్రయోగశాలలో పెచార్స్కీ, గ్ష్నైడ్నర్ గడోలినియానికి సిలికాన్, జెర్మేనియం కలిపిన మిశ్రమలోహంలో ఈ ప్రభావం కనీసం రెట్టింపు కావడం చూపించారు. ఇందులో అయస్కాంత గుణంతో పాటు స్ఫటికం ఆకారమూ ఒక్కసారిగా మారుతుంది. అప్పటి నుంచే ఈ రంగం పోటాపోటీగా నడుస్తోంది. 2015 జనవరిలో లాస్‌వేగాస్ ప్రదర్శనలో హాయర్, బీఏఎస్‌ఎఫ్, ఆస్ట్రోనాటిక్స్ సంస్థలు కలిసి అయస్కాంతంతో నడిచే వైన్ కూలర్‌ను చూపించాయి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మాగ్నోథెర్మ్ అనే సంస్థ శీతలపానీయాల బీరువాలు చేస్తోంది. వీటికి అడ్డుపడుతున్నది ఎక్కువగా శాశ్వత అయస్కాంతాల బరువూ ధరా.

విద్యుత్ మార్గంలో లక్సెంబర్గ్ శాస్త్రజ్ఞులు ముందున్నారు. ఫోన్లలో ఉండే కెపాసిటర్ల లాంటి పింగాణీ పొరలకు వోల్టేజీ పెట్టి తీస్తూ 2023లో 20.9 డిగ్రీల తేడా సాధించారు. చల్లబరిచే శక్తి మాత్రం నాలుగు వాట్ల పైచిలుకే. పైగా ఆ పింగాణీలో సీసం ఉంది. ఒత్తిడి మార్గంలో అందరి చూపూ నియోపెంటైల్ గ్లైకాల్ మీద ఉంది. రంగుల పరిశ్రమలో టన్నుల కొద్దీ వాడే చవకైన రసాయనమిది. చూడటానికి ఘనపదార్థమే గానీ లోపల అణువులు ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటాయి. ఒత్తిడి పెడితే ఆ తిరగడం ఆగి, వేడి బయటికి వస్తుంది. 2019లో చైనాలోని షెన్యాంగ్ బృందం ఒకటి, కేంబ్రిడ్జ్, బార్సిలోనాల బృందం ఒకటి విడివిడిగా దీన్ని వెల్లడించాయి. వచ్చే మార్పు ఏసీ గ్యాసుతో పోల్చదగినది. కానీ ఆ స్థాయికి దాదాపు 2,500 వాతావరణాల ఒత్తిడి కావాలి. పైగా దాని గుండా వేడి త్వరగా ప్రవహించదు.

మూడు డిగ్రీలను ముప్పై చేయడం

ఒక్కసారి లాగితేనో, ఒక్కసారి అయస్కాంతం దగ్గరికి తెస్తేనో వచ్చేది కొన్ని డిగ్రీలే అయినప్పుడు బ్రౌన్‌కు 47 డిగ్రీలు ఎలా వచ్చాయి? ఈ రంగానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. ఒక ఏతం నీటిని కొంత ఎత్తుకే తోడుతుంది. పొలం ఇంకా ఎత్తున ఉంటే మధ్యలో గుంట తవ్వి, అక్కడ ఇంకో ఏతం వేయాలి. కెలోరిక్ యంత్రంలోనూ అంతే. పదార్థాన్ని పలచని రేకులుగానో, గుండ్లుగానో, గొట్టాలుగానో చేసి వరసగా పేరుస్తారు. మధ్య ఖాళీల్లోంచి నీటిని అటూ ఇటూ నెడతారు. పదార్థం వేడెక్కినప్పుడు నీరు ఒక దిక్కు, చల్లబడినప్పుడు ఇంకో దిక్కు పారుతుంది. కొన్ని చుట్లు తిరిగేసరికి వరసలో ఒక కొస వేడిగా, ఒక కొస చల్లగా నిలబడతాయి. మధ్యలో ప్రతి ముక్కా తన పక్కముక్కకన్నా కొద్ది డిగ్రీలు మాత్రమే ఎత్తి అందిస్తుంది. దీన్నే రీజనరేటర్ అంటారు.

ఎత్తు పెరిగేకొద్దీ పైకి చేరే నీళ్లు తగ్గుతాయి. ఇక్కడా అంతే: ఉష్ణోగ్రతల తేడా పెంచితే చల్లబరిచే శక్తి తగ్గుతుంది, శక్తి పెంచితే తేడా తగ్గుతుంది. ఈ రంగంలో వచ్చే వార్తలు చదివేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఇదే. "ఇన్ని వాట్లు, ఇన్ని డిగ్రీలు" అని ఒకే వాక్యంలో చెబుతారు గానీ ఆ రెండూ ఒకే క్షణంలో వచ్చినవి కాకపోవచ్చు. 2023లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం నికెల్-టైటానియం గొట్టాలను నొక్కి నడిపే యంత్రాన్ని ప్రకటించింది. దానికి 260 వాట్ల శక్తి ఉంది, 22.5 డిగ్రీల తేడా ఉంది. అయితే ఒకదాని కోసం ఒక పద్ధతిలో, రెండోదాని కోసం ఇంకో పద్ధతిలో నడపాలి.

నికెల్-టైటానియం పేరు చాలామందికి తెలియకపోయినా ఆ లోహం మాత్రం మన మధ్యే ఉంది. రక్తనాళాల్లో వేసే కొన్ని రకాల స్టెంట్లు, పళ్ల వరస సరిచేసే తీగలు, వంచినా విరగని కళ్లద్దాల ఫ్రేములు దానితోనే చేస్తారు. 1959లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ బయటపెట్టిన ఈ మిశ్రమలోహానికి నిటినాల్ అని పేరు. దాన్ని గట్టిగా లాగినా నొక్కినా స్ఫటికం ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారిపోతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ఆ మార్పులో ఒక్క దెబ్బకు ఇరవై డిగ్రీల వరకూ వేడెక్కి చల్లబడగలదు. గడోలినియం ఇచ్చే మూడు డిగ్రీలతో పోలిస్తే ఇది పెద్ద అంగ. పెద్ద పెద్ద అయస్కాంతాలు అక్కర్లేదు, అరుదైన లోహాలూ అక్కర్లేదు. అమెరికా ఇంధన శాఖ 2014లో చేయించిన నివేదిక కంప్రెసర్‌కు ప్రత్యామ్నాయాలను బేరీజు వేసి దీన్ని అన్నిటికన్నా ముందు నిలబెట్టడానికి కారణమదే. 2025లో హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం ఇలాంటి గొట్టాలను వరసగా కలిపి, మొదటిసారి ఒక కిలోవాట్ గీత దాటింది. చిన్న నమూనా ఇంటిని దానితో చల్లబరిచి చూపించింది. మన ఇళ్లలో ఉండే టన్నున్నర ఏసీ శక్తి ఐదు కిలోవాట్లకు కొంచెం ఎక్కువ. అంటే దూరం తగ్గుతోంది, కానీ ఇంకా ఉంది.

లోహం అలసిపోతే

ఇక రెండు పాత శత్రువులున్నాయి. మొదటిది అలసట. సన్నని తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. నిటినాల్‌కూ అదే గతి. రెండు సెకన్లకు ఒకసారి చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి నూటయాభై రోజులు నడిచిందనుకుంటే పదేళ్లలో రెండు కోట్లకు పైగా దెబ్బలు తగులుతాయి. లాగే తీగల్లో చిన్న పగులు పడితే అది నోరు తెరుచుకుంటూ పోతుంది. అందుకే చాలా బృందాలు లాగడం మాని నొక్కడం మొదలుపెట్టాయి, నొక్కినప్పుడు పగులు తెరుచుకోదు. మరోవైపు జర్మనీలోని కీల్ శాస్త్రజ్ఞులు 2015లో టైటానియం, నికెల్, రాగి కలిసిన పలచని పొరను కోటిసార్లు మార్చినా చెక్కుచెదరకపోవడం చూపించారు. పలచని పొరలో వచ్చిన ఆ ఓర్పు బరువైన గొట్టాలకూ రావాలి.

రెండో శత్రువు వెనకపాటు. లాగినప్పుడు పెట్టిన పని అంతా వదిలినప్పుడు తిరిగి రాదు. ప్రతి చుట్టులోనూ కొంత వేడిగా మిగిలిపోతుంది, ఆ వేడి చల్లబరిచే పనికి అడ్డం. తిరిగి వచ్చే పనిని వృథా పోనివ్వకుండా, ఒక కట్ట వదులవుతుంటే ఆ బలంతోనే పక్క కట్ట బిగిసేలా జంటలుగా అమర్చుతారు. పదార్థంలో వెనకపాటు తగ్గించడం మాత్రం రసాయన కూర్పు చేతిలో ఉంది. 1997 నాటి గడోలినియం మిశ్రమం ఇంత ఘనంగా మొదలై యంత్రాల్లో స్థిరపడకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ఈ వృథాను అంతగా లెక్కపెట్టడానికి కారణముంది. ఏసీల వల్ల వాతావరణానికి జరిగే హానిలో లీకయిన గ్యాసుది కొంత వాటాయే, పెద్ద వాటా అవి తినే కరెంటుది. మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. నూరేళ్లకు పైగా సానపట్టిన యంత్రమది. కెలోరిక్ యంత్రం లీక్ కాకపోయినా, అంతకన్నా ఎక్కువ కరెంటు తింటే బొగ్గు పొగ రూపంలో అదే హాని తిరిగి వస్తుంది. కాబట్టి "గ్యాసు లేదు" అన్న ఒక్క మాటతో దానికి పర్యావరణ హితం అనే బిరుదు ఇవ్వకూడదు. మంచి పదార్థం, పొదుపైన యంత్రం దొరికితే కంప్రెసర్‌ను మించగలదన్న ఆశ ఉంది. ఆ ఆశను వాట్లలో, యూనిట్లలో నిరూపించాల్సి ఉంది.

మన ఎండ పెట్టే పరీక్ష

ప్రయోగశాలలో ఇరవై డిగ్రీల తేడా వచ్చిందంటే చల్లని దేశంలో పండగే. మన దగ్గర లెక్క వేరు. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలున్నప్పుడు ఏసీ బయటి కాయిల్ తన వేడిని ఆ గాలికే వదలాలి, అంటే కాయిల్ 50 దాటాలి. లోపలి కాయిల్ పది డిగ్రీల దగ్గర ఉండాలి. గదికి 25 చాలు కదా, పది ఎందుకంటారా? విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఉక్కపోత తగ్గాలంటే గాలిలోని తేమ నీళ్లుగా మారి కారిపోవాలి, అందుకు కాయిల్ బాగా చల్లగా ఉండాలి. అటు 50, ఇటు 10. నలభై డిగ్రీల ఎత్తు. అంత ఎత్తుకు వేడిని తోడుతూనే ఐదు కిలోవాట్ల శక్తీ ఇవ్వగలగాలి. ఆ రెండూ ఒకేసారి ఇవ్వగల కెలోరిక్ యంత్రం ఇంకా మార్కెట్లోకి రాలేదు.

అందుకే ఇవి ముందుగా ఏసీలుగా కాక, తేడా తక్కువగా ఉన్నచోట, మోత పనికిరానిచోట అడుగు పెడుతున్నాయి. ఏసీ ఉన్న షాపులో పెట్టే కూల్‌డ్రింకుల బీరువాకు కావలసింది ఇరవై డిగ్రీల తేడాయే. అక్కడ నిలదొక్కుకుంటే ధర తగ్గుతుంది, పదార్థాల ఓర్పు తెలుస్తుంది, ఆపైన ఇంటి గోడ మీదికి ఎక్కుతాయి.

ఈ సంగతి తెలుగువాళ్లకు దూరపు కబురు కాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ సంస్థల ఏసీ కర్మాగారాలున్నాయి. దేశంలో ఏసీలు తయారయ్యే పెద్ద కేంద్రాల్లో అదొకటి. 2047 గడువు ఆ కర్మాగారాల మీదే పడుతుంది. ఇప్పటి గ్యాసు పోయి ఏది వస్తుందన్నది అక్కడి వేలమంది ఉద్యోగాలకు సంబంధించిన ప్రశ్న. అంతవరకు చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. సర్వీసింగ్ చేసేటప్పుడు పాత గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండరులోకి పట్టుకోవడం ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పినట్టు పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేయడం ఇంకొకటి. ఇంట్లోకి వచ్చే వేడి తగ్గితే యంత్రం, అది ఏ రకమైనా, తోడాల్సిన వేడీ తగ్గుతుంది.

ఇకపై గ్యాసు లేని ఏసీ వచ్చేసిందని వార్త కనిపిస్తే మూడు విషయాలు వెతకండి. బయట 45 డిగ్రీలున్నప్పుడు ఎన్ని వాట్లు ఇచ్చింది, అందుకు ఎంత కరెంటు తీసుకుంది, ఎన్ని కోట్ల చుట్లు తట్టుకుంది. మూడింటికీ జవాబు ఉంటే అది నిజంగా వచ్చినట్టే. ఒకటి తగ్గినా ఇంకా ప్రయోగశాలలో ఉన్నట్టే. ఆ పరీక్ష పెట్టడానికి మే నెలలో, ఎండలకు పేరుపడ్డ రెంటచింతలను మించిన చోటు లేదు.